నలభై అన్నది ఎవరు

రాబియా ఆపా పోయిందని తెలిసి నేను వెళ్ళేసరికి వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్న మగవాళ్ళ మధ్య ఆమె వయసు మీద చిన్న వాదన నడుస్తోంది. ఒకాయన తొంభై అన్నాడు. ఇంకొకాయన ఎనభై దాటి ఉండదన్నాడు. "మా నాన్నతోని ఆడుకున్నదంట" అని మొదటాయన. "మీ నాన్న ఎప్పుడు పుట్టిండో నీకు ఎరుకనా?" అని రెండో ఆయన. నేను గడప దగ్గరే కాసేపు నిలబడిపోయాను. యాభై ఏళ్ళ కిందట ఈ కుటుంబంలోనే, ఒక ఆడమనిషి వయసు మీద మగవాళ్ళు ఇలాగే వాదించుకోవడం విన్నాను. అప్పటి వాదన రాబియా ఆపా గురించి కాదు. అప్పటికి పదమూడు వందల ఏళ్ళ కిందట మక్కాలో పెళ్ళి చేసుకున్న ఖదీజా గురించి, ప్రవక్త మొదటి భార్య గురించి. కానీ ఆ వాదన ఎటు తేలుతుందన్న దాని మీద రాబియా ఆపా రెండో పెళ్ళి ఆధారపడి ఉంది.

అప్పుడు మేము సికింద్రాబాదులో, ఇప్పుడు పద్మారావు నగర్ అంటున్న చోట, వాళ్ళ ఇంటిని ఆనుకుని ఉన్న రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. నాన్న కంటోన్మెంటులో ఒక ఆఫీసులో గుమాస్తా. అమ్మది గుంటూరు వైపు. ఆదివారం చర్చికి వెళ్ళి రావడం, సాయంత్రం కుటుంబ ప్రార్థన, శనివారం మోండా మార్కెట్‌లో వారానికి సరిపడా కూరలు, ఇంతే మా ఇల్లు. నాకు మనుషులంటే భయం. వీధిలో ఎవరైనా ఎదురైతే గోడవైపు తిరిగి నడిచేదాన్ని. బళ్ళో ఉర్దూ తీసుకున్నాను కాబట్టి రెండు భాషల్లోనూ ఏ కాగితం దొరికినా చదివేదాన్ని, పకోడీలు కట్టి ఇచ్చిన కాగితంతో సహా. రోజూ డైరీ రాసేదాన్ని. ఆ డైరీలు ఇప్పటికీ ఉన్నాయి గాని వాటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కిటికీలోంచి విన్నదాన్ని కళ్ళారా చూసినట్టు రాసుకునే వయసు అది.

పైగా ఆ రోజులే అట్లాంటివి. పోలీసు చర్యకు ముందు ఆరు నెలలూ, తర్వాత ఏడాదీ, మా వీధిలో ఎవరూ ఎవరి మాటా పూర్తిగా నమ్మలేదు. దక్కన్ రేడియో ఒకటి చెప్పేది, ఢిల్లీ రేడియో ఇంకొకటి చెప్పేది, పాలు పోసే ఆమె రెండింటికీ సంబంధం లేనిది చెప్పేది. రజాకార్లు రైలు కట్ట దాటారని ఒక రాత్రి వీధంతా దీపాలార్పి కూర్చున్నాం. తెల్లవారాక చూస్తే కట్ట మీద మేకలు. తర్వాత సైన్యం వచ్చింది, నవాబుగారి రాజ్యం ఆగిపోయింది. జిల్లాల నుంచి వచ్చిన కబుర్లు మటుకు అబద్ధాలైతే బాగుండునని అందరం అనుకున్నాం. వాటిలో చాలావరకు నిజమేనని మెల్లగా తెలిసింది. పక్కింట్లో ఎవరు ఎవరి వైపు ఉన్నారో లెక్కలు వేసుకోవడం అప్పుడు మొదలైంది. అమ్మ కూడా వేసింది. "రోజూ వాళ్ళింటికి ఎందుకే? ఏం చదివిస్తున్నాడు ఆయన నీచేత? మెల్లగా వాళ్ళలో కలిపేసుకుంటారు, తెలిసిరాదు నీకు" అనేది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

ఆయన అంటే నేను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే రాబియా తండ్రి. వీధంతా మౌల్వీ సాబ్ అనేవారు. ఒకప్పుడు సర్కారీ బడిలో ఫార్సీ చెప్పి, రిటైరై, రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చి చదవలేని స్థితికి వచ్చాడు. చదువుతోనే బతికిన మనిషికి అది ఎంత కష్టమో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. పుస్తకం తెరిచి ముక్కుకు ఆనించుకుని, కాసేపు చూసి, మూసి వాసన చూసేవాడు. ఆపా ఒకరోజు గోడ మీదుగా నన్ను పిలిచి, "నీకు ఉర్దూ వస్తది కదా, అబ్బాకు జెర చదివి పెడ్తవా? నాకు దూది పనిలోనే పొద్దు గుంకుతది" అంది. ఎవరింటికీ పోని నేను ఆ ఇంటికి మాత్రం ఎందుకు వెళ్ళానంటే, ఆ ఇంట్లో గోడ బీరువా నిండా పుస్తకాలున్నాయి.

దూది పని అంటే రజాయిల పని, దూది కూరిన బొంతలు కుట్టడం. ఆపా మొదటి భర్త టైఫాయిడుతో చాలా ఏళ్ళ కిందటే పోయాడు. అప్పటినుంచి ఆమె చీటీ గుడ్డలు టోకుగా కొని, ఇద్దరు ఆడవాళ్ళను కూర్చోబెట్టి రజాయిలు కుట్టించి, నేరేడ్‌మెట్ వైపు మిలిటరీ కుటుంబాలకూ మోండా మార్కెట్ దుకాణాలకూ అమ్మేది. ఆ ఇంట్లో అడుగుపెడితే కొత్త గుడ్డ గంజి వాసన, ఏకిన దూది వాసన, దాని మీద మౌల్వీ సాబ్ రాసుకునే హీనా అత్తరు. మధ్యాహ్నపు నమాజు అయ్యాక ఆయన నులక మంచం మీద కూర్చునేవాడు, గడ్డంలో దూది పింజలతో. ఆపా వచ్చి తీసేసేది. "ఉండనియ్ బేటా, గడ్డం ఎట్లనూ తెల్లగైంది, ఏది దూదో ఎవరు చూస్తరు?" అనేవాడు. వాళ్ళింట్లో మాట్లాడుకునేది ఉర్దూ. నాతో మాత్రం సికింద్రాబాదు తెలుగు, అందులో సగం ఉర్దూ. నేనిక్కడ రాసే మాటల్లో కొన్ని ఉర్దూలో అన్నవే. గుర్తున్నంత మేరకు తెలుగులో పెడుతున్నాను.

మొదటి రోజునే నేను తప్పు చేశాను. ఆ పాత చరిత్రల్లో ప్రతి కబురుకూ ముందు పేర్ల వరస ఉంటుంది. ఫలానా వాడు ఫలానా వాడి దగ్గర విన్నాడు, అతను మరొకరి దగ్గర, అలా వెనక్కి, చూసినవాళ్ళ దాకా. ఆ మొత్తాన్ని, పేర్లతో సహా, రివాయత్ అంటారు. మా ఇంట్లో ప్రార్థనలో బైబిలు వంశావళులు వస్తే అమ్మ దాటేసి కథ దగ్గరికి పోయేది. నేనూ అదే అలవాటుతో పేర్లన్నీ వదిలేసి నేరుగా విషయం చదివాను. మౌల్వీ సాబ్ చెయ్యెత్తి ఆపాడు. "పేర్లు మింగుతున్నవ్ బేటీ."

"పొడుగ్గా ఉన్నాయని..."

"ఎవరు చెప్పిన్రో ఇడిసిపెట్టి ఏం చెప్పిన్రో చదివితే ఇంక ఏం మిగిల్తది? పాలామె ముచ్చట్లు మీ ఇంట్ల రోజూ ఇంటలేవా?"

అప్పటినుంచి పేర్లు చదివాను. ఒక్కో పేరు దగ్గర ఆయన ఆగి, ఆ మనిషి సంగతి చెప్పేవాడు. ఇతను నిజాయితీపరుడే గాని ముసలితనంలో మతిమరుపు. ఇతను కథ బాగుంటే చాలు, ఎక్కడిదని అడగడు. ఇతను ఆయన దగ్గర విన్నానంటాడు, కానీ ఆయన పోయేనాటికి ఇతను పుట్టలేదు. పోయి వెయ్యేళ్ళు దాటిన వాళ్ళ గురించి మా వీధి మనుషుల్లా మాట్లాడేవాడు. నాకు అది పుస్తకాల కంటే బాగుండేది. మనుషుల్ని నమ్మకపోవడానికి కూడా ఒక మర్యాద, ఒక పద్ధతి ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు.

సలీం సంగతి ఆ చలికాలంలో బయటికి వచ్చింది. సలీం రజాయిలు మోసుకుపోయి అమ్మిపెట్టేవాడు. నవాబుగారి సర్కారులో చిన్న ఉద్యోగం ఉండేది, రాజ్యంతో పాటు అదీ పోయింది. పాతికేళ్ళుంటాయేమో. ఆపాకు ముప్పై దాటి చాలా కాలమైంది. అమ్మకం డబ్బు మొత్తం తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు, తల ఎత్తి చూసేవాడు కాదు. ఆ తల ఎత్తకపోవడమే నాకు నచ్చలేదు. ఆపా అతన్ని చేసుకుంటానని తండ్రితో అన్నప్పుడు కంటే, అతను దానికి ఏమాత్రం ఆశ్చర్యపోలేదని విన్నప్పుడు నాకు అనుమానం ఎక్కువైంది. ఆ వారమే మోండా మార్కెట్‌లో అతను ఇళ్ళ దళారీతో మాట్లాడుతూ కనబడ్డాడు. పెళ్ళి కాకముందే ఇంటి బేరం పెడుతున్నాడనుకున్నాను. రాత్రంతా ఆలోచించి, మర్నాడు ఆపాకు చెప్పాను.

ఆమె సూది ఆపలేదు. "నువ్వు చూసిందేంది, అనుకున్నదేంది? ఇడదీసి చెప్పు."

"చూసింది, దళారీతో నిలబడ్డాడు. ఏం మాట్లాడారో వినలేదు."

"అయితే గంతే చెప్పాలె గదా" అంది, తండ్రి గొంతుతోనే. తర్వాత అతన్నే అడిగిందట. ఆమె ఇంట్లో ఉంటే జనం తలో మాట అంటారని నేరేడ్‌మెట్‌లో అద్దెగది వెతుకుతున్నానన్నాడట. పెళ్ళయ్యాక నిజంగానే అక్కడికి వెళ్ళి కొన్నేళ్ళు ఉన్నారు. అయినా ఆమె అడిగాకే అతనికి ఆ ఆలోచన వచ్చిందేమో అని నేను చాలాకాలం అనుకున్నాను. అప్పుడప్పుడు ఇప్పటికీ అనుకుంటాను.

అసలు అడ్డం పడింది మౌల్వీ సాబ్ తమ్ముడు, ఆపాకు చిన్నాన్న, హమీద్ చాచా. మూసీ అవతల పాతబస్తీలో ఉండేవాడు, చెప్పులు కిర్రుమంటూ వచ్చేవాడు. "ఉద్యోగం లేని పోరడు, చేతిల నాలుగు పైసలున్న విధవను చేసుకుంటనంటే దేనికనుకుంటున్నవ్ అన్నా? ఊరు నవ్వుతది. మనకు ఇప్పుడు నవ్వించుకునే రోజులా ఇవి?" అన్నాడు. ఈ చివరి మాట మౌల్వీ సాబ్‌కు తగిలింది. రాజ్యం పోయి, జిల్లాల్లోని చుట్టాలు ఒంటి మీది గుడ్డలతో వచ్చి ఉన్న రోజులు. ఈ పెళ్ళి జరిగితే ఈ గడప తొక్కనని, బంధువులెవరినీ తొక్కనివ్వనని కూడా చాచా అన్నాడు. మౌల్వీ సాబ్ మెల్లగా జవాబు చెప్పాడు. ఖదీజా విధవ, వ్యాపారం చేసుకునే మనిషి, నలభై ఏళ్ళామె. తన సరుకు అమ్మిపెట్టిన పాతికేళ్ళ యువకుణ్ణి చేసుకుంది. అంతకంటే ఏం ఆధారం కావాలి? చాచా పుస్తకం చూపించమన్నాడు. పంతం మీద మౌల్వీ సాబ్ అన్నాడు, "చూపిస్త. జుమ్మా నాడు అందరి ముంగట చూపిస్త. నిలబడే ఆధారం చూపకపోతే, ఈ నికా నేనే వద్దంట." తిండికి లేని రోజుల్లో కూడా మాట తప్పని మనిషని ఆయనకు పేరు. మరొక తండ్రి అయితే కూతురు ఇష్టపడిందని ఊరుకునేవాడు. ఈయన కూతురి బతుకును తీసుకెళ్ళి ఒక రివాయత్‌కు కట్టేశాడు.

అప్పుడు వెతకడం మొదలైంది. నలభై అన్న కబురు ఒకటికి నాలుగు చోట్ల దొరికింది. ఆయన సంతోషపడి పేర్లు చదవమన్నాడు. చదివితే నాలుగూ వెనక్కి పోయి పోయి ఒకే చరిత్రకారుడి దగ్గర ఆగాయి. "ఆయన చానా రాసిండు" అన్నాడు మౌల్వీ సాబ్. మెచ్చుకున్నట్టు లేదు ఆ అనడం. పాత పండితులు ఆ మనిషి మాట మీద బరువు పెట్టలేదని తర్వాత చెప్పాడు. రెండోరోజు ఇంకో పుస్తకంలో, నలభై అన్న పేజీలోనే కింద, మరొక కబురు చదివాను. పెళ్ళినాటికి ఖదీజాకు ఇరవై ఎనిమిదేళ్ళు. చదివి ఆగాను. అవతలి గదిలో కత్తెర చప్పుడు ఆగింది.

"మళ్ళ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను, పేర్లతో. ఆ వరసలోనూ ఒక నమ్మకం లేని మనిషి ఉన్నాడు. ఆ పేరు దగ్గర ఆయన ముఖం కొంచెం తేటపడింది, వెంటనే మళ్ళీ ముడుచుకుంది. ఎందుకంటే ఆయన వదిలేసే మనిషి కాదు. ఖదీజాకు ఈ పెళ్ళి తర్వాత ఆరుగురు పిల్లలన్నది చాలామంది చెప్పిన మాట. నలభైలో పెళ్ళి చేసుకుని ఆరుగురు పిల్లలా? "కావొచ్చు, కాకూడదని లేదు" అన్నాడు. తర్వాత, "నలభై అంటే అరబ్బులకు నిండు వయసు లెక్క. లెక్క తెల్వనోడు కూడ నలభై అనే అంటడు" అన్నాడు. ఇంకో తగాదా కూడా దొరికింది. ఆమె తండ్రికి తాగించి ఒప్పించారని ఒక కబురు. తండ్రి అప్పటికే పోయాడు, పెళ్ళి చేసింది చిన్నాన్న అని ఇంకో కబురు. తాగించారన్నది పొరపాటని పాతవాళ్ళే కొట్టేశారని ఆయన చెప్పాడు. అన్నం దగ్గర ఆయన సరిగా తినలేదని ఆపా చెప్పింది. నా అనుమానం వేరు. శుక్రవారం నాడు ఆయన పై కబురు చదివించి, కింది కబురు వదిలేయిస్తాడనుకున్నాను. ఆయన కళ్ళు లేని మనిషి, నేను నోరు లేని మనిషిని, ఎవరికి తెలుస్తుంది? కూతురి కోసం ఆ మాత్రం చేస్తే తప్పేమిటని కూడా అనుకున్నాను.

శుక్రవారం చాచాతో పాటు నలుగురైదుగురు పెద్దవాళ్ళు వచ్చారు. ముందు గదిలో వాళ్ళు, మధ్యలో తెర, ఇవతల ఆపా, నేను. సలీం రాలేదు, రమ్మని ఎవరూ అనలేదు. మౌల్వీ సాబ్ తెర వైపు తిరిగి, "చదువు బేటీ" అన్నాడు. నా గొంతు నాకే వినబడలేదు. "ఆ పిల్ల చదువుతున్నదా, జపం చేస్తున్నదా?" అన్నాడు చాచా. ఎవరో నవ్వారు. ఆపా నా వీపు మీద చెయ్యి వేసింది. నలభై అన్న కబురు చదివాను. ముందు గదిలో ఒకరిద్దరు బాగుంది బాగుంది అన్నారు. నేను పుస్తకం మూయబోయాను.

"మూయకు. దాని కింద ఉన్నది సుత చదువు" అన్నాడు మౌల్వీ సాబ్.

చదివాను. చాచా "మళ్ళ ఏమంటవ్ అన్నా?" అన్నాడు. గొంతులో సంతోషం దాచుకోలేదు.

"నలభై మీద నేను నిలబడలేను. ఇరవై ఎనిమిది మీద సుత పూర్తిగ నిలబడలేను. నాకు తెల్వదు, అల్లాకు తెల్సు" అన్నాడాయన. వయసు అయిపోయాక తండ్రి, చిన్నాన్నల సంగతి కూడా తనే చెప్పాడు, ఎవరూ అడగకపోయినా.

"చూసినవా, చాచా చేతుల మీద అయిన పెండ్లి. చాచా వద్దంటుండు" అని హమీద్ చాచా అనగానే ఈసారి అందరూ నవ్వారు. మౌల్వీ సాబ్ మాత్రం నవ్వలేదు. ఆయన మాటిచ్చాడు, మాట ప్రకారం ఇక వద్దనాలి. ఆయన నోరు తెరవబోతుండగా నా పక్కనుంచి ఆపా మాట్లాడింది. ఆ ఇంట్లో మగవాళ్ళ కొలువులో తెర వెనకనుంచి ఆడగొంతు పలకడం నేను అంతకు ముందు వినలేదు. కోపంగా లేదు, రజాయి బేరం చేసేటప్పటి గొంతే.

"చాచా, ఒకటి అడుగుత. ఆమె వయసు మీద తగాదా ఉంది. పెండ్లి చేసినోళ్ళ మీద తగాదా ఉంది. ముందుగాల కబురు ఎవరు పంపిన్రు అన్న దాని మీద తగాదా ఉందా?"

చాచా తన అన్న వైపు చూసి ఉంటాడు. నాకు కనబడలేదు. మౌల్వీ సాబ్ పేర్లన్నీ లోపల చదువుకుంటున్నాడనిపించింది. "స్నేహితురాలితోని పంపిందని ఒకరు, సొంతంగ మాట్లాడిందని ఒకరు. కాని ఆమె దిక్కు నుంచే పోయింది. అది కాదన్నోడు నేను చదివినంతల ఒక్కడు లేడు" అన్నాడు.

"నలభై అన్నోడు సుత గిదే అన్నడా? ఇరవై ఎనిమిది అన్నోడు సుత?"

"ఆ."

"అయితే నాకు గంత చాలు అబ్బా. సలీంకు నేనే కబురు పంపిన. ఎవ్వరూ నాకు తాగించలేదు."

ముందు గదిలో దగ్గులు, చెప్పుల చప్పుడు. మౌల్వీ సాబ్ గొంతు వినబడింది. "నిలబడే ఆధారం అడిగినవ్ హమీద్. ఇది నిలబడ్తది." చాచా ఏదో అన్నాడు, అది నాకు వినబడలేదు కాబట్టి రాయను. నికా నెల తిరక్కుండా అయింది. అమ్మ నన్ను పంపలేదు. చాచా వచ్చి బిర్యానీ తిన్నాడని ఆపా చెప్పింది. రాలేదని, కొడుకును మాత్రం పంపాడని రజాయిలు కుట్టే ఆమె చెప్పింది. రెండూ విన్నవే.

ఇప్పుడు టీవీలో ఆ కాలపు పెళ్ళిళ్ళ మీద అరుచుకుంటారు. ఒకరి వయసు ఇంత అని ఒకరు, కాదని ఒకరు, నీకెవరు చెప్పారని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. వాళ్ళలో చాలామందికి ఆ పెళ్ళితో పని లేదు, దాన్ని ఎవరి మీద విసరాలన్నదే పని. మౌల్వీ సాబ్‌కు పని ఉంది. నలభై నిజమైతే ఆయనకు లాభం. లాభం ఉన్నచోటే ఎక్కువ అనుమానించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అందరూ అప్పుడు గొప్పవాళ్ళనీ ఇప్పుడు పాడైపోయారనీ అనను. అప్పటి మా వీధి కూడా నాకు గుర్తుంది, కట్ట మీద మేకలు కూడా. ఆ ఒక్క గది మటుకు వేరుగా ఉండేది.

ఆ శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర ఉంది. వాళ్ళింట్లో మగవాళ్ళు గుంపుగా వచ్చి వెళ్ళడం గోడ మీదుగా చూసినట్టుంది. "ఏం జరిగిందే? నిన్నేమన్నా అడిగారా? ఏదన్నా చదివించి ఒట్టు పెట్టించుకున్నారా?"

"లేదమ్మా. రాబియా ఆపా పెళ్ళి మాటలు."

"ఆ రజాయిల కుర్రాడేనా?" గరిట పక్కన పెట్టింది. "మంచివాడేనా వాడు? ఇంటి కోసం చేసుకుంటున్నాడంటున్నారు అందరూ."

ఎవరు అన్నారమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. కాళ్ళు కడుక్కుని వచ్చి ఆమె పక్కన పీట మీద కూర్చున్నాను. "మంచివాడో కాదో నాకు తెలియదు" అన్నాను. "ఆమే అడిగిందట అతన్ని. అందరి ముందూ ఆమే చెప్పింది. అది నేను విన్నాను."

"నువ్వు విన్నావా?"

"పక్కనే కూర్చున్నాను."

అమ్మ నా ముఖంలోకి కొంచెంసేపు చూసింది. మళ్ళీ గరిట తీసుకుంది.